సామ్యేలు గారి సెలవు

ఇస్త్రీ చేసే సుబ్బమ్మ నిన్న పొద్దున నా నూలు చీరలు నాలుగు తెచ్చి మంచం మీద పెట్టి వెళ్లింది. ఈ రోజుల్లో చీరకు గంజి పెట్టమంటే ఎవరూ పెట్టడం లేదు. ఈమె ఒక్కతే నా పోరు పడలేక పెడుతుంది. పై చీర మడత విప్పగానే ఆ వాసన వచ్చింది, కాస్త పుల్లగా, కాస్త అన్నం అడుగంటినట్టుగా, ఎండ వాసనతో కలిసి. పక్కనే దినపత్రిక తెరిచి ఉంది. మన దేశంలో జనం తిండికీ బట్టకీ ఇంటికీ పెడుతున్న ఖర్చును చాలా దేశాల గుంపు సగటుతో పోల్చి అందులో పేజీ నిండా ఒక పట్టిక వేశారు. ముప్ఫయ్యేళ్లు అలాంటి పట్టికలు వేసి పింఛను తీసుకుంటున్నదాన్ని కనుక కళ్లజోడు పెట్టుకుని చదవబోయాను. గంజి వాసన చదవనివ్వలేదు. ఆ వాసనా ఆ పట్టికా ఒకేసారి ఎదురైతే వేలూరు దగ్గరి గుడియాత్తం నేతవీధీ, మా సామ్యేలు గారూ గుర్తుకు రాకుండా ఎలా ఉంటారు?

మీలో ఎవరూ ఆయన్ను చూసి ఉండరు. స్వాతంత్ర్యం వచ్చి అయిదారేళ్లయిన రోజులవి. ఆంధ్ర రాష్ట్రం ఇదుగో వస్తోంది, అదుగో వస్తోంది అని అందరూ చెప్పుకుంటున్నారు. ఏ ఊరు ఎటు పోతుందో తెలియక కచేరీల్లో గుమాస్తాలు సగం పని చేసి, సగం పుకార్లు పంచుకునేవారు. ఆ గందరగోళంలో నాకు వేలూరులో ఉద్యోగం వచ్చింది. ఇంటింటికీ వెళ్లి ఏం తిన్నారు, ఏం కట్టారు, దేనికెంత పెట్టారు అని అడిగి ఫారాలు నింపే తాత్కాలిక ఉద్యోగం. వంటింట్లోకి ఆడమనిషి వెళితేనే నిజం తెలుస్తుందని నన్ను తీసుకున్నారు. నాది తెనాలి. బి.ఏ. పాసయ్యాను. నా తెలుగంటే నాకు మహా గర్వం. వేలూరు తెలుగు వినగానే మూతి విరిచిన దాన్ని. వచ్చినాడేమిటి, ఉండాదేమిటి, సగం అరవం కలిపిన ఈ భాషేమిటి అని మా అమ్మకు ఉత్తరాల్లో వెక్కిరిస్తూ రాసేదాన్ని. ఆ ఉత్తరాలిప్పుడు దొరికితే చింపి పారేస్తాను.

సామ్యేలు గారు మా పై అధికారి. సన్నగా, పొడుగ్గా, బిగుతైన కోటులో ఉండేవారు. వాళ్లది గుడియాత్తమే. తాతల నాడు చిత్తూరు వైపు నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు క్రైస్తవ కుటుంబం. కోట దగ్గర ఒక పాత్రల దుకాణం మేడ మీద మా కచేరీ. కింద ఇత్తడి బిందెలు కొడుతుంటే పైన మేం కేకలేసుకుని మాట్లాడుకునేవాళ్లం. ఆయన కుర్చీ వెనక గోడకు ఒక పట్టిక అంటించి ఉండేది. ఎక్కడో విదేశంలో అచ్చయిన కాగితం. వరసగా దేశాల పేర్లు, ఒక్కో దేశంలో మనిషి సగటున ఎంత తింటున్నాడో, ఎంత బట్ట కడుతున్నాడో చూపే గీతలు. మన దేశం గీత బాగా కిందికి ఉండేది. ఆ సంగతి ఆయన్ను బాధించినట్టు నాకు కనిపించలేదు. ఆయనకు ఆ పట్టిక మీద వేరే తగాదా ఉండేది.

"మీ ఊర్లో బియ్యం దేంతో కొలుస్తారమ్మా?" అని అడిగారు నేను చేరిన మొదటి రోజునే.

"మానికతోనండీ. సోల, తవ్వ, మానిక."

"ఇక్కడ పడి. మీ మానికకీ మా పడికీ లెక్క ఒకటి కాదు. ఇదో, ఈ గోడమీద ఉండే దేశాలన్నిటికీ ఒక్కో దానికి ఒక్కో పడి. పడి యాడిదో అడక్కుండా మనల్ని వాళ్ల పక్కన నిలబెట్టి పొట్టి అంటుండారు. పొట్టే అయి ఉండొచ్చు. కొలిచినోడు ఏ పడితో కొలిచినాడో చెప్పాల కదా?"

నాకది పెద్దవాళ్ల చాదస్తంగా తోచింది. బుద్ధిగా తలూపాను. ఇంకొక అలవాటు కూడా ఉండేది ఆయనకు. తెలుగు వీధుల్లో మేం తెలుగు ఫారాలు వాడేవాళ్లం, అరవ వీధుల్లో అరవ ఫారాలు. అరవ ఫారాలు ఆయన తన బల్ల దగ్గర మౌనంగా చదివి సంతకం పెట్టేవారు. తెలుగువి మాత్రం నా చేత పైకి చదివించుకునేవారు. "నీ గొంతులో వింటే బాగుంటాదమ్మా, చదువు" అనేవారు కళ్లు మూసుకుని. నేను పొంగిపోయి రాగం తీస్తూ చదివేదాన్ని. చివర్న ఆయన ఇంగ్లీషులో సంతకం పెట్టేవారు. దాని పైన 'సరిచూచితిని' అని అచ్చేసి ఉండేది.

గుడియాత్తం నేతవీధికి మొదటిసారి ఆయనే నన్ను బస్సులో తీసుకెళ్లారు. నూలు దొరకక మగ్గాలు పడుకున్న కాలం. వీధి చివర ఒక పందిరి కింద గంజి కేంద్రం నడుస్తోంది. రోజుకొకసారి ఇంటికొక చెంబెడు గంజి పోస్తారు. మేం నింపే ఫారాలను బట్టి ఆ కేంద్రం ఉంచాలో ఎత్తేయాలో మద్రాసు వాళ్లు తేలుస్తారు. అది మాకూ తెలుసు, వీధికీ తెలుసు. మొదటి ఇల్లు కుప్పమ్మది. నలభై ఏళ్ల మనిషి, ముగ్గురు పిల్లలు, భర్తకు దగ్గు. మూలన ఒక మట్టిపిడతలో బియ్యం కనిపిస్తే తిండి గళ్లో రాయబోయాను. సామ్యేలు గారు నా చేయి పట్టుకుని ఆపినంత పని చేశారు.

"ఈ బియ్యం దేనికి కుప్పమ్మా?"

"పావుకి సామీ," అంది. పావంటే పడుగు. మగ్గానికి ఎక్కించే ముందు నూలు పోగులకు గంజి పట్టిస్తారు. ఆ గంజికోసం దాచిన బియ్యం. "నూలొస్తే నూలు తాగతాది. రాకపోతే మేమే తాగతాము."

"రాసుకోమ్మా," అన్నారు నాతో. "నూలు తాగింది తిండి గళ్లో పడకూడదు. అట్ల పడితే ఈమె ఎక్కువ తిన్నట్టు అవతాది."

అప్పుడాయన నోటుపుస్తకంలోంచి మడిచిన కాగితం ఒకటి జారి పడింది. గోడ మీది పట్టికకు ఆయన చేత్తో రాసుకున్న నకలు. కుప్పమ్మ దాన్ని తీసి తిరగేసి చూసింది. ఏ భాషా చదవలేని మనిషి. ఇదేమిటని అడిగితే ఆయన ఓపిగ్గా చెప్పారు, దేశాలన్నిటినీ పక్కపక్కన పెట్టి ఎవరింట్లో ఎంత వాడుతున్నారో చూస్తారని, అందులో మన దేశం కూడా ఉందని.

"అయితే దీంట్లో మేము యాడుండాము సామీ?"

ఆయన వేలితో మన దేశం గీత చూపించారు. "ఇదో, ఈ గీతలోనే."

"ఇంత సన్నంగా ఉండాదే. ఇందులో దేశమంతా ఉండాదా? అయితే మేము కనపడేది లేదులే," అని నవ్వి కాగితం మడిచి ఇచ్చేసింది. నేనూ నవ్వాను. తిరుగు బస్సులో సామ్యేలు గారు ఆ కాగితం మళ్లీ తీసి చూసుకున్నారు. పాలారు ఏరు దాటుతుంటే, "బాగా అడిగింది," అన్నారు తనలో తాను.

ఆ వారమే ఆయనకు చలిజ్వరం వచ్చింది. మిగతా నలభై రెండిళ్లూ నేనొక్కదాన్నే తిరిగాను. ఎవరి సాయమూ లేకుండా చేస్తున్నానని గొప్పగా కూడా ఉంది. నేతవాళ్ల ఫారంలో చివర ఒక గడి ఉండేది, నెలలో మగ్గం ఆడని రోజులెన్ని, కారణమేమిటి అని. కుప్పమ్మ ఇంటి ఎదురింటావిడను అడిగాను. "పిల్లకు జరమొచ్చి వారం సెలవు అయిపాయమ్మా," అంది. ఆ పక్కాయన, "యాడమ్మా, వరవు లేదు, అంతా సెలవే," అన్నాడు. వరవంటే వీళ్ల భాషలో పని కాబోలనుకున్నాను. ఇంటింటా అదే మాట. నేను తెనాలి తెలుగులో గుండ్రంగా, అందంగా రాసుకుంటూ పోయాను. కారణం, సెలవు. కారణం, బిడ్డకు జ్వరమని వారం రోజుల సెలవు. కారణం, పండుగ సెలవు. వీళ్లెన్ని సెలవులు పెడతారమ్మా అని మనసులో విసుక్కున్నాను కూడా. ఆ విసుగు గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మద్రాసు నుంచి తొందర పెడుతూ మనిషి వచ్చి కూర్చున్నాడు. సామ్యేలు గారు జ్వరం ఇంకా దిగకుండానే శాలువా కప్పుకుని వచ్చారు. చదివి వినిపించేంత వ్యవధి లేదు. "అన్నీ సరిగా ఉండాయా అమ్మా?" అని అడిగారు. ఉన్నాయన్నాను. ఒక్కొక్క కాగితం తిప్పుతూ నలభై రెండు సంతకాలు పెట్టారు.

నెల తిరగకుండా మద్రాసు నుంచి జాబు వచ్చింది. ఆయన నిలబడే చదువుకున్నారు. కుర్చీలో కూర్చుని మళ్లీ చదివారు. సారాంశం ఇది. ఆ వీధి నేతగాళ్లు నెలలో సగానికి పైగా సెలవులు పుచ్చుకుంటున్నారని మీ పత్రాలే చెబుతున్నాయి. తక్కిన తాలూకాల సగటుతో పోలిస్తే వాళ్ల వినియోగం తక్కువగా ఉన్న మాట నిజమే, దానికి కారణం సోమరితనం. గంజి కేంద్రం వచ్చే నెల మొదటి తేదీ నుంచి ఎత్తివేయమని సిఫారసు చేస్తున్నాం.

"సెలవు పెట్టేదానికి వాళ్లేమన్నా సర్కారు గుమాస్తాలా?" అన్నారు సామ్యేలు గారు అయోమయంగా. "ఏమి రాసినామమ్మా మనం? మన నకలు తీసి చదువు."

చదివాను. "కారణం, పిల్లకు జ్వరమని వారం రోజుల సెలవు."

"వాళ్లు ఏమన్నారు? వాళ్ల మాటగా చెప్పు."

"వారం సెలవు అయిపాయ అన్నారండీ."

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "సెలవంటే ఏమనుకున్నావమ్మా?"

"సెలవంటే సెలవే కదండీ. పని మానుకోవడం."

"కాదమ్మా. ఇక్కడ సెలవంటే ఖర్చు. వరవంటే రాబడి. బిడ్డ జరానికి వారం కూలి ఖర్చయి పాయ అన్నింది ఆ తల్లి. వచ్చేది లేదు, పోయేదే అన్నాడు ఆయన. నువ్వు..." అని ఆగిపోయారు.

కింద దుకాణంలో బిందె కొడుతున్న చప్పుడు నా తలలోనే కొడుతున్నట్టయింది. ఉన్నదంతా ఖర్చయిపోయి గంజి కోసం నిలబడ్డ మనుషుల్ని సోమరిపోతులు చేసి పంపించాను. అదీ అంత అందమైన అక్షరాల్లో. ఏడుపు ఆపుకుంటూ ఒకటే అడిగాను. "మరి మీరు చూశారు కదండీ, సంతకం పెట్టేటప్పుడు?"

 ఆయన గోడమీది పట్టికను ఒకసారి చూసి నా వైపు తిరిగి, "నాకు తెలుగు చదివేదానికి రాదమ్మా," అన్నారు. "ఇంట్లో తెలుగు, ప్రార్థన తెలుగు, బళ్లో అంతా అరవం. నాలిక మీద ఉండాది, కంటికి రాలేదు. ఇన్నేండ్లూ ఎవురికీ చెప్పలేదు."

అప్పుడు తెలిసింది, నా గొంతులో వింటే బాగుంటుందని ఎందుకనేవారో.

మర్నాడు మొదటి బస్సుకే గుడియాత్తం వెళ్లాం. వీధి నడుమ నిలబడి జరిగింది సామ్యేలు గారే చెప్పారు. కుప్పమ్మ ముందు పకపకా నవ్వింది. "మేము సెలవు పెట్టినామా? ఎవురికి పెట్టినాము, మగ్గానికా?" వీధంతా నవ్వింది. నవ్వుతూనే ఆమె ముఖం మారింది. "ఆమా సామీ, అయితే గంజి నిలిపేస్తారా?" నవ్వులన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. కుప్పమ్మ నా వైపు చూసింది. తిట్టి ఉంటే బాగుండేది. "చిన్న పిల్ల, దానికేమి తెలుసు," అని ఊరుకుంది.

మూడు రోజులు నలభై రెండిళ్లూ మళ్లీ తిరిగాం. ఈసారి ఆయన అడిగారు, నేను రాశాను. రాసిన ప్రతి కాగితాన్నీ ఆ ఇంటి గడపలోనే పైకి చదివాను. ఇంటివాళ్లు ఆమా, అంటే అవును, అన్నాకే కింద పెట్టాను. కారణం, నూలు లేదు. కారణం, నూలు లేదు. ఆ మాట అన్నిసార్లు రాస్తుంటే చేయి నొప్పి పుట్టింది. నాకది తక్కువ శిక్షే.

నాలుగో రోజు ఆయన మద్రాసుకు ఇంగ్లీషులో జాబు రాసి నాకు చూపించారు. నాకు తెలుగు చదవడం రాదు, నలభై రెండు పత్రాల మీద సరిచూచితినని సంతకం చేశాను, సరిచూడలేదు అని మొదటి వాక్యంలోనే ఉంది. ఆ కాగితం తిరిగి ఆయన చేతికి ఇవ్వబుద్ధి కాలేదు. ఎందుకంటే ఆంధ్ర రాష్ట్రం రాగానే కచేరీ రెండుగా చీలుతుందనీ, కర్నూలులో తెలుగు విభాగానికి ఆయన్నే పెద్దగా వేస్తారనీ అప్పటికే మాట అయిపోయింది. జీతం పెరుగుతుందని ఆయన ఆశ కాదు. "తాత వచ్చిన దావలోనే తిరిగి పోతుండాను," అని వచ్చిన ప్రతి ఒక్కరికీ చెప్పుకుని మురిసిపోయేవారు. ఇంట్లో ట్రంకుపెట్టెలు కూడా కొన్నారు.

"ఈ వాక్యం తీసేయండి," అని బతిమాలాను. "తప్పు నాది. నాదని రాయండి. తాత్కాలిక ఉద్యోగం, పోతే తెనాలి పోతాను."

"నీదని రాస్తే ఏమంటారు? తెలుగు బి.ఏ. రాసింది తప్పు, అరవదేశం ముసలోడు చెప్పేది ఒప్పు అని నమ్మతారా? ఎందుకు తప్పో చెప్పాలంటే ఎట్ల దాటిపోయిందో చెప్పాల. నువ్వు తప్పుగా విన్నావు. చెవులుండే వాళ్లందరూ వింటారు అట్ల. నేను చూడకుండా చూసినానని రాసినా. దాన్ని దిద్దకుండా దీన్ని దిద్దేదెట్ల?" అని కవరు అంటించేశారు.

కేంద్రం ఎత్తేయలేదు. నూలు వచ్చేదాకా ఆ పందిరి కింద గంజి పోస్తూనే ఉన్నారు. సామ్యేలు గారి విషయంలో మద్రాసు వాళ్లు ఎక్కువ మాటలు ఖర్చు పెట్టలేదు. తెలుగు విభాగానికి ఇంకెవరినో వేశారు. ఆయన్ను అరవ ఫారాలతో అదే కుర్చీలో, అదే బిందెల మోతలో ఉంచేశారు. తెలుగు చదవడం, రాయడం వచ్చిన దాన్ని కనుక నన్ను మాత్రం కర్నూలుకు పర్మనెంటు చేసి పిలిచారు. ఆ ఉత్తర్వు చేతిలో పట్టుకుని నేను తలెత్తలేకపోతే, "పో అమ్మా, తప్పు తెలిసిన మనిషి అక్కడ ఒకరుండాల," అన్నారు. ట్రంకుపెట్టెల్లో ఒకటి నాకే ఇచ్చారు.

వెళ్లేలోగా మిగిలిన రెండు నెలలూ మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆయనకు తెలుగు అక్షరాలు నేర్పాను. ఆయన నా కన్నా ముప్ఫయ్యేళ్లు పెద్ద. పలక ముందు పెట్టుకుని చెమటలు కక్కేవారు. అక్షరానికి తలకట్టు పెట్టడం ఎంత చెప్పినా మరిచిపోయేవారు. "అరవంలో తలకట్టు లేదమ్మా, తల ఒట్టిగానే ఉంటాది, గాలాడతాది," అని తప్పించుకునేవారు. కాట్పాడి స్టేషనుకు పగటి బండికి సాగనంపడానికి వచ్చారు. బండి కదలబోతుంటే మా వైపు అలవాటు ప్రకారం చేతులు జోడించి, "సెలవండీ," అన్నాను.

"ఎంతమ్మా?" అన్నారాయన.

ఇద్దరం నవ్వాం. నాకు ఆ నవ్వు ఏడుపులోకి దిగిపోయింది. కళ్లజోడు వెనక ఆయన కళ్లు కూడా చెమర్చాయి. నా వల్ల ఆయనకైన సెలవు ఎంతో నేను మాటల్లో చెప్పలేకపోయాను. బండి వెళ్లిపోయింది.

ఆ తర్వాత నేను కర్నూలు, హైదరాబాదు తిరిగి, చివరికి మన దేశపు వినియోగాన్ని తక్కిన దేశాలతో పోల్చే పనిలోనే స్థిరపడ్డాను. గోడమీది ఆ పట్టిక లాంటి పట్టికలు నేనే వేసే రోజు వచ్చింది. కింద పనిచేసే పిల్లలు నన్ను వెనకాల 'పడి అమ్మ' అనేవారు. ఏ దేశం నుంచి ఏ అంకె వచ్చినా, వాళ్లు దేన్ని తిండి అన్నారు, దేన్ని అద్దె అన్నారు, ఏ పడితో కొలిచారు అని అడగనిదే ముందుకు కదిలేదాన్ని కాదు. దాని వల్ల పనులు ఆలస్యమయ్యాయి, పై వాళ్ల చేత చీవాట్లు తిన్నాను. ఒక ఏడాది నా పేరుతో మొదటి పట్టిక అచ్చయితే ఒక ప్రతి ఆయనకు పంపాను. అప్పటికి ఆయన పింఛను మీద గుడియాత్తంలో ఉన్నారు.

పదిహేను రోజులకు ఒక కార్డు వచ్చింది. ఇంగ్లీషు లేదు, అరవం లేదు. మొత్తం తెలుగు. ఒక్క అక్షరానికీ తలకట్టు లేదు. అన్నీ ఒట్టి తలలతో వంకరగా నిలబడి ఉన్నాయి. కూడబలుక్కుని చదివాను. బాగుండాది అమ్మా, ఇందులో కుప్పమ్మ యాడుండాది? అంతే. కింద సంతకం ఇంగ్లీషులో కాదు, తెలుగులో.

వెతికి చెబుదామనుకున్నాను. దేశం గీతలోంచి రాష్ట్రంలోకి, రాష్ట్రంలోంచి పల్లెలూ పట్నాలూ వేరు చేసి, అందులోంచి కింది మెట్టు వాళ్లను వేరు చేసి, ఎంత దిగినా నాకు సగటే దొరికింది, ఆమె దొరకలేదు. ఈ ఏడాది పట్టికలో దొరుకుతుందని ఒక ఏడాది, వచ్చే ఏడాది మంచి లెక్కలొస్తాయని ఇంకో ఏడాది గడిపాను. అంతలో ఆయన పోయారని తెలిసింది.

ఆ కార్డు ఇప్పటికీ నా దగ్గరుంది. ఎక్కడ ఇలాంటి పట్టిక కనిపించినా తీసి పక్కన పెట్టుకుంటాను. నిన్న కూడా గంజి చీర ఒళ్లో పెట్టుకుని, పత్రికలో మన దేశం గీత మీద దాన్ని ఆనించి, చివరికి పట్టికంతా పై నుంచి కిందిదాకా చదివాను. గీత మునుపటికన్నా లావయింది. సంతోషమే. ఆయన కార్డుకు నేను జవాబు రాయలేదు. కనిపించింది సామ్యేలు గారూ అని ఒక్క ముక్క రాస్తే ఆయన సంతోషించేవారు. చూడకుండా చూశానని ఆయనకెలా రాయను?